యువ పార్లమెంటులో ఎదుటి పక్షాన్ని మాటతో నిలదీయడం ఎలా?

శ్రీకాకుళంలో విద్యార్థులను యువ పార్లమెంటు (పాలక, ప్రతిపక్షాలుగా విడిపోయి సభను అనుకరించే) పోటీలకు సిద్ధం చేసేటప్పుడు నేను మొదట పట్టించుకునేవి సర్వనామాలు, క్రియలు. గొంతు సంగతి తరువాత.

ఎదుటి పక్షం మాట్లాడుతుండగా కలం పట్టుకుని వినండి. ఘనత చెప్పుకునేటప్పుడు ‘మేము’ అన్న నాయకుడే లోపం ఒప్పుకోవలసి వచ్చేసరికి ‘మనం’ అంటాడు. వినేవారిని కూడా కలుపుకునే ఆ ‘మనం’తో బాధ్యతలో సగం ప్రతిపక్షం బల్లల మీదికి జారిపోతుంది. ‘చర్యలు తీసుకోవడం జరుగుతోంది’ అన్న వాక్యంలోనైతే కర్తే కనిపించడు. ఇలాంటి చోట్ల గీత గీసుకోండి, మీ జవాబు అక్కడి నుంచే మొదలుకావాలి.

ఉద్దానం కిడ్నీ వ్యాధుల మీద చర్చ అనుకుందాం. పాలక పక్షం పలాసలో 2023లో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రిని చూపిస్తుంది. ‘అంతా బూటకం’ అని అరిస్తే కళ్లెదుట ఉన్న భవనమే మిమ్మల్ని ఓడిస్తుంది. ‘అధ్యక్షా, ఆసుపత్రి కట్టిన మాట వాస్తవం, సంతోషం, అయితే అక్కడ కిడ్నీ నిపుణులైన నెఫ్రాలజిస్టుల పోస్టులు ఎన్ని మంజూరయ్యాయో, ఎన్ని భర్తీ అయ్యాయో, ఖాళీలుంటే ఎవరు ఏ తేదీలోగా నింపుతారో మంత్రిగారు సెలవివ్వాలి’ అనండి. ఒప్పుకోవలసినది మీరే ముందుగా ఒప్పుకున్నారు కనుక, మంత్రి భవనాన్ని మళ్లీ వర్ణించి తప్పించుకోలేరు.

మాట వ్యక్తి మీదికి పోకూడదు. లోక్‌సభ నియమావళిలోని 352వ నియమం సాటి సభ్యుడికి దురుద్దేశం అంటగట్టడాన్ని నిషేధిస్తుంది. 353 ప్రకారం పరువుకు భంగం కలిగించే ఆరోపణ చేయాలంటే స్పీకరుకు, సంబంధిత మంత్రికి ముందుగా తెలియజేయాలి. 380 కింద అనుచిత పదాలను రికార్డు నుంచి తొలగించవచ్చు. సభలో అన్న మాటకు రాజ్యాంగం 105వ అధికరణంలో కోర్టుల నుంచి రక్షణ ఇచ్చింది గాని, ఈ నియమాల నుంచి ఇవ్వలేదు. (కళాశాల వేదిక మీద మీకు ఆ రక్షణ కూడా లేదు.) ‘అబద్ధం’ అనవలసిన చోట నాయకులు ‘సత్యదూరం’ అనేది ఇందుకే. నా దృష్టిలో అది అరిగిపోయిన మాట. ‘మంత్రిగారి ప్రసంగానికీ, ఆయన శాఖ ఇచ్చిన లిఖితపూర్వక సమాధానానికీ పొంతన లేదు’ అనడం మేలు, అదీ రెండు కాగితాలూ చేతిలో ఉంటేనే.

సిక్కోలు (శ్రీకాకుళం) యాస వాడవచ్చా అని విద్యార్థులు అడుగుతుంటారు. పల్లెలో ఎవరో అడిగిన ప్రశ్నగా, ‘నీలెప్పుడొత్తాయి బాబూ?’ అని ఒక్కసారి అంటే సభ నిశ్శబ్దమవుతుంది, రెండోసారికి నవ్వుతుంది. ఆ ఒక్కసారి ఎక్కడో ముందే కాగితం మీద గుర్తు పెట్టుకోండి, అధ్యక్షుడి గంట మోగాక గుర్తొస్తే ప్రయోజనం ఉండదు.