పాత కారు ఇంజిన్‌లో మర పోయిందా? డ్రిల్ పట్టే ముందు జాగ్రత్తలు

బోల్టు బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే, బయటికి తీసి చూడండి. దాని గాళ్లలో వెండి తీగలాంటి అల్యూమినియం చుట్టుకుని ఉంటే రంధ్రం లోపలి మర (బోల్టు పట్టుకునే గాళ్లు) పోయినట్టే. అప్పుడు ఆ రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేసి, కొత్త మర వేసి, అందులో ఇన్సర్ట్ (బోల్టుకి కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) బిగించాలి.

– ముందు రంధ్రం లోతు కొలవండి, బిట్‌కి అక్కడ టేపు చుట్టండి. అడుగున నీళ్ల జాకెట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తిరిగే ఖాళీ) ఉంటే, కాస్త ఎక్కువ దిగినా బ్లాక్‌కే చిల్లు. ఇన్సర్ట్‌తో పోయే పని వెల్డింగ్ దాకా వెళ్తుంది.

– మర ఏ రకమో పిచ్ గేజ్‌తో (మర పళ్ల మధ్య దూరం చూసే పరికరం) తేల్చుకోండి. 5/16 అంగుళం బోల్టు 7.94 మి.మీ.; ఎం8 (8 మి.మీ. మెట్రిక్ బోల్టు) పక్కన పెడితే కంటికి తేడా తెలీదు. పాత బ్రిటిష్ ఇంజిన్లలో విట్‌వర్త్ అనే అంగుళాల మర కూడా తగలొచ్చు. దాని మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60.

– డ్రిల్ నిటారుగా దిగాలి. వంకరైతే బోల్టు తల సరిగ్గా కూర్చోదు.

– మర వేసే ట్యాప్‌ని అర చుట్టు తిప్పి, పావు చుట్టు వెనక్కి తేవాలి. నూనె మరవద్దు. లోపల ట్యాప్ విరిగితే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు!

– స్పార్క్ ప్లగ్ రంధ్రమైతే ట్యాప్ గాళ్లలో గ్రీజు నింపండి. రజను సిలిండర్‌లో పడకుండా అంటుకుంటుంది.

– తీగ ఇన్సర్ట్ తోక (బిగించేందుకు అడుగున ఉండే చిన్న కొస) విరిచాక ఆ ముక్క చేతికి వచ్చేదాకా బోల్టు పెట్టొద్దు.