రివర్బ్ కంటే ముందు డికే నాబ్

డ్రమ్ మెషీన్‌లో బీట్ గజిబిజిగా వినిపిస్తుంటే చాలామంది చెయ్యి ముందు ఎఫెక్ట్స్ వైపే పోతుంది. వాటి జోలికి వెళ్లకముందు ఒక్కో శాంపిల్ (రికార్డు చేసిన డ్రమ్ శబ్దం) డికే, అంటే దాని మోత ఎంతసేపు సాగాలో చెప్పే సెట్టింగ్, తగ్గించి చూడండి. ముఖ్యంగా కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్). దాని మోత తర్వాతి కిక్ మీదికి సాగుతోందేమో చెవి పెట్టి వినండి. 120 బీపీఎమ్‌లో (నిమిషానికి 120 బీట్లు) బీట్‌కీ బీట్‌కీ మధ్య ఉండేది సరిగ్గా 500 మిల్లీసెకన్లు. ప్రతి బీట్‌కీ కిక్ పడుతుంటే, దాని మోతని 400 దగ్గర ఆపేయండి. తర్వాతి దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో మీకే తెలుస్తుంది. వాల్యూమ్ ముట్టుకోనక్కర్లేదు.

పిచ్ మార్చాలనుకుంటే ఆ పని డికే కంటే ముందే చేసేయండి. పాత తరహా శాంపిలింగ్‌లో పిచ్ ఒక ఆక్టేవ్ (సంగీతంలో ఒక స్థాయి) దించితే శబ్దం రెట్టింపు పొడవు అవుతుంది. ముందే డికే సరిచేసి ఉంటే ఆ పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఓపెన్, క్లోజ్డ్ హై-హ్యాట్‌లు రెండింటినీ ఒకే చోక్ గ్రూపులో పెట్టండి. అసలు డ్రమ్స్ మీద పెడల్ తొక్కగానే హై-హ్యాట్ మోత ఆగిపోతుంది కదా, ఇక్కడా క్లోజ్డ్ పడగానే ఓపెన్ తెగిపోవాలి. ఈ ఒక్క సెట్టింగ్‌తో బీట్‌కి ప్రాణం వస్తుంది.

ఇక రివర్బ్, అంటే గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని. స్నేర్‌కి (పుల్లలతో కొట్టే చురుకైన డ్రమ్) కొంచెం చాలు, కిక్‌కి వద్దు. డిలే (శబ్దాన్ని కాసేపాగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) కావాలంటే 60,000ని బీపీఎమ్‌తో భాగించి, వచ్చినదాంట్లో ముప్పావు వంతు (120కి అయితే 375 మిల్లీసెకన్లు) రిమ్‌షాట్ (డ్రమ్ అంచుకి తగిలే దెబ్బ) మీద పెట్టి, ఫీడ్‌బ్యాక్ (ఎన్నిసార్లు మళ్లీ వినిపించాలన్నది) తక్కువగా ఉంచి వినండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన చప్పుడు అదే.