మారుతి జిప్సీకి పాత షాక్‌లు (షాక్ అబ్సార్బర్లు) – 4వ పాఠం: ఆఖరి బిగింపు

పోయిన పాఠం తర్వాత వచ్చిన ఫిర్యాదు దాదాపు ఒకటే: "షాక్ గట్టిదనం మార్చే నాబ్‌ను 9లో పెట్టాం, బండి ఎత్తు పెరగలేదండీ, పైగా కటకట మోత." ఎత్తు పెరగదు. బరువు మోసేది కమాను పట్టీలు. వాటి ఊపును ఆపడమే షాక్ పని. నాబ్ ఎంత తిప్పినా లోపల నూనె వెళ్లే దారి ఇరుకవుతుంది, అంతే. రాంచో కంపెనీ ఆర్‌ఎస్‌9000ఎక్స్‌ఎల్ షాక్‌ల మీద 1 మెత్తన, 9 గట్టి. ఊళ్లో నేను 3 దాటను. కోనీ కంపెనీ హెవీ ట్రాక్‌లకు బయట నాబే ఉండదు, విప్పి, పూర్తిగా నొక్కి తిప్పాలి. నాకంత ఓపిక లేదు.

ఇక మోత. షాక్ ఊడదీయడం, రాడ్ మీద తుప్పు చుక్కలు, నూనె చెమ్మ చూడటం మీకొచ్చు. నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే: ఛాసిస్‌ను స్టాండ్ల మీదికెత్తి, చక్రాలు వేలాడుతుండగానే నట్లు బిగించేయడం. షాక్ చివరి రింగులో రబ్బరు బుష్, దాని మధ్యలో ఇనుప గొట్టం ఉంటాయి. నట్టు బిగిస్తే ఆ గొట్టం బ్రాకెట్‌కు పట్టేసి ఇక తిరగదు, మెలిపడేది రబ్బరే. వేలాడినప్పుడు బిగిస్తే, జాకీ దించగానే రబ్బరు మెలి తిరుగుతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలి పోదు. గుంతలో పడ్డప్పుడల్లా ఇంకాస్త. కొన్నాళ్లకు చిరుగుతుంది, మోత మొదలవుతుంది. అందుకే నట్లు చేత్తో పట్టించి వదలండి. చక్రాలు తొడిగి, నేలకు దించి, బంపర్ నొక్కి ఊపి, అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. చోటు చాలకపోతే యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టినా బరువు కమానుల మీదే ఉంటుంది. నేను చేసేదదే. పైన స్టడ్ (మరలున్న కడ్డీ), రబ్బరు వాషర్లు ఉండే చివరకు ఈ గొడవ లేదు.

ఆటోనగర్‌లో అడ్డంగా పడి ఉన్న ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) రకం షాక్ తెస్తే, నొక్కినప్పుడు కొంత దూరం ఖాళీగా దిగుతుంది. లోపల గాలి చేరింది. నిలబెట్టి చివరిదాకా నాలుగైదుసార్లు లాగి నొక్కండి, మళ్లీ పడుకోబెట్టకుండా ఎక్కించండి. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన నాబ్‌ను మాత్రం ప్లయర్‌తో తిప్పకండి. మంచినీళ్లు, పాత టూత్‌బ్రష్, తుప్పు వదిలించే నూనె, ఒక రాత్రి ఆగడం.

అభ్యాసం: అనంతగిరి వైపు ఒక మట్టిదారి ఎంచుకోండి. అదే వేగం, అదే టైరు గాలి, అదే బరువు. ముందు షాక్‌ల నాబ్‌లు 3, 5, 7; వాటిలో ప్రతిదానికీ వెనకవి 3, 5, 7. మొత్తం 9 చుట్లు. ఎడమా కుడీ ఎప్పుడూ ఒకే అంకె. ప్రతి చుట్టుకీ ముక్కు దిగిందా, తోక ఎగిరిందా రాయండి. ఇంటికొచ్చి, బండి నేల మీదే ఉంచి నట్ల టార్కు మళ్లీ చూడండి. సడలినవాటి లెక్క కూడా పంపండి, 5వ పాఠం బంప్ స్టాపుల (యాక్సిల్ మరీ పైకొచ్చి ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మల) మీద.