పిన్ కోడ్‌కు కారణాంకాలు కనుక్కోవడం ఎలా?

కాగితం, పెన్ను తీసుకోండి. కాలిక్యులేటర్ వద్దు. నెల్లూరు హెడ్ పోస్టాఫీసు పిన్ కోడ్ 524001 మీద చేసి చూద్దాం. ప్రధాన కారణాంకాలు దొరికితే, సంఖ్య గురించి మిగతా చాలా సంగతులు వాటి వెంటే వస్తాయి.

ముందు చివరి అంకె చూడండి. 1 ఉంది కాబట్టి 2తో, 5తో భాగం పోదు. అంకెలన్నీ కూడితే 12. అది మూడో ఎక్కంలో ఉంది, తొమ్మిదో ఎక్కంలో లేదు. అంటే 3తో పోతుంది, 9తో పోదు. 3తో భాగిస్తే 174667.

తర్వాత 7, 11, 13. పిల్లలు టెన్షన్ పడేది ఇక్కడే, ముఖ్యంగా 7 దగ్గర. ఈ మూడింటినీ ఒక్క దెబ్బకు తేల్చే పద్ధతి ఉంది. దీన్ని ప్రతి బడిలోనూ నేర్పాలని నా కోరిక. 7×11×13 = 1001. అందుకని ఆరంకెల సంఖ్యను మధ్యకు విరిచి, మొదటి సగంలోంచి రెండో సగం తీసేయండి: 524 − 001 = 523. ఇప్పుడు 523ను పరీక్షిస్తే చాలు. 7తో భాగిస్తే శేషం 5, 11తో 6, 13తో 3. మూడింటితోనూ పోదు. ఎందుకంటే 524001 అంటే 524×1001 − 523. మొదటి ముక్క ఆ మూడింటితో ఎలాగూ పోతుంది, తేలాల్సింది 523 సంగతే.

ఇక్కడి నుంచి ఓపికే. 174667ను 17తో భాగిస్తే 9 మిగులుతుంది. 19తో సరిగ్గా పోయి 9193 వస్తుంది. అది మళ్లీ 19తో గానీ, 23తో గానీ పోదు. 29తో పోయి 317 వస్తుంది.

ఎక్కడ ఆపాలో తెలియక చాలామంది అనవసరంగా భాగిస్తూ పోతారు. 317 వర్గమూలం 18 లోపే. 18 లోపు ప్రధాన సంఖ్యలన్నీ చూసేశాం కాబట్టి ఇక చూడక్కర్లేదు, 317 ప్రధాన సంఖ్యే.

524001 = 3×19×29×317

నాలుగు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటి ఒక్కసారే. ఒక కారణాంకం కట్టాలంటే ఒక్కోదాన్ని తీసుకుంటాం లేదా వదిలేస్తాం. కాబట్టి మొత్తం 2×2×2×2 = 16 కారణాంకాలు. వాటిని కూడాలంటే ఒక్కో ప్రధాన సంఖ్యకు 1 కలిపి గుణించండి: 4×20×30×318 = 7,63,200. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 2,39,199. ఇది అసలు సంఖ్యకే సమానంగా వచ్చి ఉంటే 524001 పరిపూర్ణ సంఖ్య అయ్యేది.

దీనికి దగ్గర్లోనే 5,24,287 ఉంది. పంతొమ్మిది రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. అది ప్రధాన సంఖ్య అని ఇటలీ గణితవేత్త కటాల్ది 1588లోనే చేత్తో లెక్కగట్టి తేల్చాడు.

ఇప్పుడు ఒంగోలు పిన్ 523001 మీరే ప్రయత్నించండి. 29 వరకు ఏదీ పోదు, నిరాశపడొద్దు. 31తో పోయి 16871 వస్తుంది. దాని వర్గమూలం 130 లోపు కాబట్టి 127 దాకా చూడాలి. ఏదీ పోదు. అంటే ఒంగోలు సంఖ్యకు ఉన్నవి నాలుగే: 1, 31, 16871, 523001.