శీతాకాలపు నిండు పున్నమిని ఫొటో తీయడం ఎలా?

పున్నమి నాడు కెమెరా ఎత్తితే చాలామందికి దక్కేది నల్లటి ఆకాశంలో ఒక తెల్ల బిళ్ల. నేను మొదటిసారి తీసినవన్నీ అలాంటివే. రాత్రి కదా అని కెమెరా వెలుతురును తెగ పీల్చేస్తుంది. కానీ మనం తీస్తున్నది మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉన్న రాతినేలని. ఈ సంగతి పట్టుబడితే సగం పని అయినట్టే.

ఉత్తరార్ధగోళంలో చలికాలపు పున్నమి చంద్రుడు నడినెత్తి దాకా ఎక్కుతాడు. పైగా జనవరి మొదట్లో సూర్యుడు మనకు అతి దగ్గరగా ఉంటాడు, కాబట్టి చంద్రుడి మీద పడే వెలుగూ కాస్త ఎక్కువే. చంద్రుడు కూడా దగ్గరికొస్తే, అంటే 3,57,000 కిలోమీటర్ల దాకా వస్తే, దూరపు పున్నమి కన్నా 14 శాతం పెద్దగా, 30 శాతం ఎక్కువ వెలుగుతో కనిపిస్తాడు.

ముందు కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (అదురును సరిచేసే ఏర్పాటు) ఆపేయండి. 200 ఎంఎం లెన్స్‌తో సెన్సర్ మీద చంద్రుడు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండడు. 400 లేదా 600 ఉంటే మచ్చలు బాగా తెలుస్తాయి.

తర్వాత మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లండి. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/11, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 100వ వంతు. ఇది మొదలు మాత్రమే. తీసిన ఫొటోను స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి: చంద్రుడి మీది టైకో బిలం (ఒక పెద్ద గుంట) నుంచి కిరణాల్లా పాకే చారలు తెల్లగా కలిసిపోతే షట్టర్ వేగం పెంచండి. వీలైతే రా (సెన్సర్ పట్టినదంతా ఉంచే) ఫైల్‌లో తీయండి.

ఆటోఫోకస్‌ను నమ్ముకోవద్దు. లైవ్ వ్యూలో (కెమెరా స్క్రీన్ మీద నేరుగా కనిపించే దృశ్యంలో) చంద్రుడి అంచును పది రెట్లు పెంచి, ఫోకస్ రింగును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ అంచు పదునెక్కిన చోట ఆపండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి నొక్కండి, చేతి అదురు ఉండదు. చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు, ఫ్రేమ్ సరిచూసుకుంటూ ఉండండి.

ఫోన్‌తో అయితే చంద్రుడి మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురును కిందికి లాగండి. అంతకు మించి ఆశపడకండి.

చెట్లూ ఇళ్లూ కూడా కావాలంటే పున్నమికి ముందు రోజు సాయంత్రం తీయండి. సూర్యాస్తమయానికి కాస్త ముందే చంద్రుడు ఉదయిస్తాడు, నేల మీద ఇంకా వెలుగుంటుంది. నాకైతే నడిరాత్రి ఫొటోల కన్నా ఇవే ఇష్టం.

చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. ఇంకోటి లోపలి జేబులో వెచ్చగా దాచుకోండి. ఇంట్లోకి వచ్చేముందు మెమరీ కార్డు బయటే తీసేసుకుని, కెమెరాను ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి కట్టేయండి. నీటిచెమ్మ కవర్ మీద పడుతుంది, లెన్స్ మీద కాదు. కెమెరా గది వేడికి వచ్చేదాకా విప్పకండి.