నీరు తీసే మాత్ర వాడుతున్నప్పుడు వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

గుండె, మూత్రపిండాలు లేదా కాలేయం దెబ్బతిని ఒంటికి నీరు పట్టినప్పుడు వైద్యులు తరచుగా రాసే మందులు లాసిక్స్ పేరుతో దొరికే ఫ్యూరోసెమైడ్, డైటార్ పేరుతో దొరికే టోర్సెమైడ్. మూత్రపిండం ఉప్పును తిరిగి రక్తంలోకి తీసుకోకుండా ఇవి అడ్డుకుంటాయి కనుక ఉప్పు వెంట నీరు, దానితోపాటు పొటాషియం కూడా బయటికి పోతాయి. ఏ ఇబ్బంది వచ్చినా ముందు చూడవలసింది బరువు. రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, ఒకే యంత్రం మీద తూచుకుని రాసిపెట్టుకోవాలి. మోతాదును మాత్రం వైద్యుడు చెప్పకుండా మార్చకూడదు.

మాత్ర వేసుకుంటున్నా వాపు తగ్గడం లేదు

మొదట అనుమానించవలసింది ఉప్పును. ఫ్యూరోసెమైడ్ మాత్ర ప్రభావం 6 నుంచి 8 గంటలే ఉంటుంది. అది తగ్గాక మూత్రపిండం అందిన ఉప్పునల్లా పట్టి ఉంచుకుంటుంది. ఉదయం పోయిన ఉప్పు రాత్రి భోజనంలోని ఆవకాయతో, అప్పడాలతో, ఎండుచేపతో తిరిగి చేరితే మాత్ర వేసుకున్న ఫలితం దక్కదు. ఊరగాయ మానకుండా మోతాదు పెంచమని అడగడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత చూడవలసినవి నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పికని చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఈ మందు పనిని తగ్గించడమే కాక మూత్రపిండాలకు హాని చేయగలవు కాబట్టి వాటి బదులు ఏం వాడాలో అడిగి తెలుసుకోవాలి. పేగుల గోడలకు కూడా నీరు పడితే ఫ్యూరోసెమైడ్ సరిగా ఒంటబట్టదు. అప్పుడు వైద్యులు టోర్సెమైడ్‌కు మార్చడమో ఇంజెక్షన్ ఇవ్వడమో చేస్తారు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వల్ల వచ్చిన పాదాల వాపైతే నీరు తీసే మాత్రతో పెద్దగా తగ్గదు.

3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా వైద్యుడికి చెప్పాలి.

లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి

బరువు కూడా బాగా తగ్గి, నోరు ఎండుతుంటే అవసరానికి మించి నీరు పోయిందని భావించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, వడగాలుల రోజుల్లో ఇది త్వరగా వస్తుంది. అలాంటి రోజు మాత్ర వేసుకునే ముందే వైద్యుడికి ఫోన్ చేయాలి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, అలాగే సోడియం, పొటాషియం పరీక్షలు అవసరం కావచ్చు.

పిక్కలు పట్టేస్తున్నాయి, నీరసం, గుండె దడ

పొటాషియం తగ్గి ఉండవచ్చు. గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ వాడేవారికి ఇది మరింత ప్రమాదం. అయితే పొటాషియం ఉండే కొబ్బరినీళ్లు, అరటిపండ్లు ఎక్కువగా తీసుకుంటే చాలునని ఇంట్లోనే నిర్ణయించుకోకూడదు. లాసిలాక్టోన్, డైటార్ ప్లస్ మాత్రల్లో పొటాషియాన్ని నిలిపి ఉంచే స్పైరోనోలాక్టోన్ కూడా ఉంటుంది. రక్తపోటుకు ఇచ్చే రామిప్రిల్, టెల్మిసార్టన్ వాడేవారికీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ పొటాషియం పెరిగే అవకాశముంది. తగ్గినా పెరిగినా నీరసమే వస్తుంది కనుక రక్తపరీక్ష లేకుండా ఏదో తేల్చలేము. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

రాత్రి పదేపదే మూత్రానికి లేవవలసి వస్తోంది

మాత్రను ఉదయమే వేసుకోవాలి. రెండో మోతాదు ఉంటే సాయంత్రం 4 లోపు వేసుకోవచ్చా అని అడగాలి.

చెవుల్లో హోరు, లేదా బొటనవేలి కీలు వాచి తీవ్రమైన నొప్పి

మొదటిది వినికిడికి హాని జరుగుతున్న సూచన కావచ్చు. రెండోది యూరిక్ ఆమ్లం పెరగడం వల్ల వచ్చే గౌట్ కావచ్చు. రెండింటినీ వెంటనే వైద్యుడికి తెలపాలి.

పడుకుంటే ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా, రోజంతా మూత్రం రాకపోయినా ఇంట్లో మరో మాత్ర వేసి చూడకుండా, 108కు ఫోన్ చేసి, వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.