నీళ్లు, సాగుపై పార్లమెంటు ప్రసంగం: ఎంపీకి నోట్ ఎలా రాయాలి?

కృష్ణా నీళ్ల మీదో, గిట్టుబాటు ధర మీదో తెలుగు ఎంపీ ఐదు నిమిషాలు గొంతు చించుకుని మాట్లాడతారు. మంత్రి లేచి "నీళ్లు రాష్ట్రాల అంశం" అని ఒక్క ముక్క చెప్పి కూర్చుంటారు. అక్కడితో సరి. చాలాసార్లు తప్పు ఆ ప్రసంగానికి నోట్ రాసిచ్చినవాళ్లదే. ఎంపీ కార్యాలయాల్లో పనిచేసేవాళ్లకీ, రైతు సంఘాల తరఫున వినతి తయారుచేసి ఎంపీ చేతిలో పెట్టేవాళ్లకీ పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు సందర్భం తేల్చుకోండి

సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్‌లో దొరికేది రెండు మూడు నిమిషాలు. మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. లోక్‌సభలో 377 నిబంధన కింద ఇచ్చే అంశం 250 మాటలు దాటకూడదు. దానికి శాఖ నుంచి తర్వాత రాతలో జవాబు వస్తుంది. 193 నిబంధన కింద స్వల్పకాలిక చర్చ, పద్దులపై (శాఖల ఖర్చు ప్రతిపాదనలపై) చర్చ అయితే పార్టీ బలాన్ని బట్టి సమయం ఇస్తారు. నిమిషానికి వంద మాటలు లెక్కేసుకుని రాయండి, అంతకు మించి ఒక్క మాటా వద్దు.

లెక్కలు రాబట్టాలంటే మాత్రం ప్రసంగం దారి కాదు, ప్రశ్న వేయాలి. దానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముందు ప్రశ్న, దాని జవాబు చేతికొచ్చాక ప్రసంగం: ఈ వరస తప్పకూడదు. పత్రికల కత్తిరింపులతో కట్టిన ప్రసంగాన్ని మంత్రి తేలిగ్గా తోసేస్తారు. తన శాఖ ఇచ్చిన జవాబునే ముందు పెడితే తోసేయడం కష్టం.

కేంద్రం చేయగలిగిందే అడగండి

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో నీళ్లు రాష్ట్రాల జాబితా 17వ పద్దు, వ్యవసాయం 14వ పద్దు. కేంద్రానికి ఉన్నది కేంద్ర జాబితా 56వ పద్దు, అంటే అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ. దానికి తోడు 262వ అధికరణం, దాని కింద వచ్చిన 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం. మేజరు కాలువ చివరి తూముకు నీళ్లు రాలేదనో, లస్కర్లు (కాలువ కాపలా సిబ్బంది) లేక గట్లు తెగుతున్నాయనో చెబితే మంత్రి ఆ పాత వాక్యమే చెబుతారు. అదే బాధను కాలువల ఆధునికీకరణకు రావాల్సిన కేంద్ర సాయం ఎక్కడ ఆగిందన్న ప్రశ్నగా మలిస్తే జవాబు చెప్పక తప్పదు. నీళ్ల తగాదాలు తేల్చే ట్రిబ్యునల్, నదీ యాజమాన్య బోర్డులు, కేంద్ర జల సంఘం అనుమతులు, పోలవరం నిధులు, మద్దతు ధర, దిగుమతి సుంకాలు: ఇవన్నీ ఢిల్లీలో తేలేవే. పోలవరానికైతే 2014 పునర్విభజన చట్టం 90వ సెక్షనే ఆధారం. సెక్షన్ సంఖ్య నోట్‌లో ఉండి తీరాలి.

అసలు చిక్కు అంకెల దగ్గర

ఇక్కడ తొందర పడకండి. నోట్‌కు పెట్టే సమయంలో సగం ఈ ఒక్క పనికే పోవాలి.

మొదటిది కొలమానం. క్యూసెక్కు పారకానికి కొలత: సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ నిల్వకు కొలత: వంద కోట్ల ఘనపుటడుగులు. "శ్రీశైలంలో లక్ష క్యూసెక్కుల నీళ్లున్నాయి" అని రాశారంటే, నీళ్ల సంగతి తెలిసిన సభ్యుడు ఇక ఆ ప్రసంగం వినడు. రోజుకు 86,400 సెకన్లు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఇంకోలా చెప్పాలంటే 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క సంఖ్యను కాగితం మీద పెద్దగా రాసి బల్ల ముందు అంటించుకోండి. కేంద్ర జల సంఘం పత్రాల్లో క్యూమెక్కులు, మిలియన్ ఘనపు మీటర్లు ఉంటాయి. ఒక క్యూమెక్కు 35.31 క్యూసెక్కులు, ఒక టీఎంసీ 28.3 మిలియన్ ఘనపు మీటర్లు. మార్చేటప్పుడు కాలిక్యులేటర్‌లో రెండుసార్లు చూసుకోవాలి, రెండోసారి మరో మనిషి చూడాలి.

రెండోది ఆ అంకె వయసు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, అది మారలేదు. నిల్వ మాత్రం మొదట్లో 308 టీఎంసీలుండేది, పూడిక పేరుకుని 215.8కి పడిపోయింది. నాగార్జునసాగర్ 590 అడుగుల దగ్గర 408 నుంచి 312కి వచ్చింది. పాత పుస్తకంలోంచి 308 ఎత్తి రాస్తే, లేని 92 టీఎంసీలు జలాశయంలో ఉన్నట్టు సభకు చెప్పినట్టవుతుంది. మట్టం రాసిన ప్రతిచోటా నిల్వ, నిల్వ రాసిన ప్రతిచోటా ఏ సర్వే ప్రకారమో పక్కనే ఉండాలి.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైనది: ఆ అంకెకున్న చట్టబద్ధ హోదా. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆ నదిలో 75 శాతం విశ్వసనీయత మీద 2,060 టీఎంసీలు లెక్కగట్టింది. అంటే వందేళ్లలో 75 ఏళ్లు అంతకు తగ్గకుండా నీళ్లొస్తాయని. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, పునరుత్పత్తి జలాలతో (సాగుకు వాడాక తిరిగి నదిలో చేరే నీళ్లతో) కలిపి 811. ఇవి నికర జలాలు. వీటిపైన వచ్చే మిగులు జలాలను వాడుకునే స్వేచ్ఛ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చింది, హక్కు మాత్రం ఇవ్వలేదు. "మిగులు జలాలపై మా హక్కు" అని నోట్‌లో రాసిన క్షణాన ఎగువ రాష్ట్రాల సభ్యులు లేస్తారు. వాళ్ల మాటే నిలుస్తుంది.

512, 299 సంగతీ అంతే. ఆ 811లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్నది 2015లో కుదిరిన తాత్కాలిక సర్దుబాటు. అది ట్రిబ్యునల్ కేటాయింపు కాదు. ఏ రాష్ట్రం ఎంపీకి రాస్తున్నా ఈ తేడా మసకబార్చొద్దు. బచావత్ తర్వాత వచ్చిన బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ 2010లో ఇచ్చిన తీర్పును, సుప్రీంకోర్టులో వ్యాజ్యం వల్ల గెజిట్‌కు ఎక్కనిదాన్ని, అమల్లో ఉన్న కేటాయింపుగా చూపించొద్దు. "కేటాయింపు", "వినియోగం", "సర్దుబాటు", "ప్రతిపాదన": ప్రతి టీఎంసీ సంఖ్య పక్కనా ఈ నాలుగింటిలో ఏదో ఒక మాట తప్పనిసరి. ఏదీ అతకకపోతే ఆ సంఖ్యను కొట్టేయండి. ఐదు నిమిషాల ప్రసంగంలో మూడు సంఖ్యలకు మించి అసలు ఉండకూడదు.

కోర్టులోనో ట్రిబ్యునల్‌లోనో నలుగుతున్న విషయమైతే ఇంకో జాగ్రత్త కావాలి. న్యాయనిర్ణయం పెండింగులో ఉన్న వాస్తవాల జోలికి సభ్యుడు పోకూడదని లోక్‌సభ 352వ నిబంధన. వాటా ఎంత న్యాయమో వాదించే వాక్యాలు తీసేయండి. కేంద్రం 2023 అక్టోబరులో బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్‌కు అదనపు విచారణాంశాలు అప్పగించింది కదా, ఆ పని ఎప్పటికి ముగుస్తుంది, అప్పటిదాకా కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏ నియమాలతో నీళ్లు వదులుతుంది అని అడగండి. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

మద్దతు ధర గురించి రెండు మాటలు

"ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వడం లేదు" అని రాస్తే మంత్రి "ఇస్తున్నాం" అంటారు. వారి లెక్కలో అది నిజమే. 2018-19 బడ్జెట్ నుంచి కేంద్రం తీసుకుంటున్న ఖర్చు ఏ2+ఎఫ్ఎల్, అంటే చేతి నుంచి పెట్టిన డబ్బు, ఇంటివాళ్ల కష్టానికి కట్టిన విలువ. రైతులు అడిగేది సీ2 మీద. అందులో సొంత భూమికి కౌలు, పెట్టుబడికి వడ్డీ కూడా చేరతాయి. ఏ ఖర్చో చెప్పకుండా ఒకటిన్నర రెట్లని రాయొద్దు. కౌలురైతు గురించి మాట్లాడుతుంటే ఇది మరీ ముఖ్యం, కౌలు ఆయన జేబులోంచి పోయే డబ్బు.

కాగితం, గొంతు

అక్షరం పెద్దగా, కాగితానికి ఒక పక్కనే, వాక్యానికి ఒక వరస. మాట్లాడేది అధ్యక్ష స్థానంతో, మంత్రితో నేరుగా కాదు. ఎవరి మీదైనా పేరుపెట్టి ఆరోపణ చేయాలంటే ముందుగా నోటీసివ్వాలి, లేకపోతే మానాలి. తెలుగులో మాట్లాడటమే మేలు, రైతు మాట రైతు భాషలోనే బలంగా ఉంటుంది. అనువాదకులకు ముందే కబురు చేసి, సంఖ్యలూ ఊళ్ల పేర్లూ రాసిన చీటీ ఇవ్వండి. ఆయకట్టు, తూము, వారబందీ (వంతులవారీగా నీళ్లు వదలడం) లాంటి మాటలకు అర్థం కూడా అందులోనే ఉండాలి. చివరి ముప్పై సెకన్లు ఒకే ఒక్క కోరికకు: ఎవరు, ఏది, ఎప్పటిలోగా.

సభ అయ్యాక పని మిగిలే ఉంటుంది. ప్రసంగం రాతప్రతి, ఇంకా సరిదిద్దనిది, రాగానే అంకెలు చూడండి, ముఖ్యంగా తెలుగు నుంచి అనువాదమైనవి. టీఎంసీ ఉన్నచోట క్యూసెక్కు పడటం, దశాంశ బిందువు ఎగిరిపోవడం మామూలే. గడువులోగా దిద్ది పంపాలి. ఈ పని ఎంపీకి వదలకండి, నోట్ రాసినవాళ్లే చేయాలి.